ఇంజిన్ ఫ్రేములో కూర్చోలేదు, ఆరు మిల్లీమీటర్లు తేడా

హైదరాబాద్ నుంచి ఒక పెద్దాయన రాసిన ఉత్తరం ఇది. పేరు వెయ్యవద్దన్నారు. తొమ్మిది పేజీల్లో మూడు పేజీలు చేత్తో గీసిన బొమ్మలే. సారాంశం చెబుతాను.

ఆయనకు 64 ఏళ్లు. ఒక కర్మాగారం టూల్‌రూమ్‌లో, అంటే పనిముట్లు, అచ్చులు తయారుచేసే విభాగంలో, 34 ఏళ్లు పనిచేసి రిటైరయ్యారు. ఆరేళ్లుగా ఇంట్లో వెనకగదిలో కూర్చుని ఒకే ఒక్క వస్తువు చేస్తున్నారు. 1924 నాటి బుగాటి టైప్ 35 రేసు కారుకి 1:8 కొలతలో మోడల్. కిట్టు కొనలేదు. రేకు కొనుక్కుని, కడ్డీ కొనుక్కుని, ప్రతి ముక్కా తానే చేసుకుంటున్నారు. చక్రాలకే దాదాపు రెండేళ్లు పట్టింది. అల్యూమినియం దిమ్మ నుంచి ఎనిమిది ఆకుల చక్రం తియ్యడంలో మూడు దిమ్మలు పాడయ్యాయట. ఇంజిన్‌కి ఏడాదిన్నర, బోలుగా ఉండే ముందు యాక్సిల్‌కి ఏడు నెలలు, ఛాసిస్ ఫ్రేముకి నాలుగు నెలలు, రేడియేటరుకీ బానెట్‌కీ మరో ఎనిమిది నెలలు.

మూడు వారాల కిందట మొదటిసారి ఇంజిన్‌ని ఫ్రేములో దింపి చూస్తే బోల్టులు కన్నాల్లో పడలేదు. ఇంజిన్‌దే తప్పనుకుని, ఫ్రేములో ఒకపక్క కన్నాలు ఆకురాయితో కాస్త సాగదీశారు. అప్పటికీ కుదరక, సన్నటి కొలతలు తీసే వెర్నియర్ పట్టి వీల్‌బేస్, అంటే ముందు వెనక యాక్సిళ్ల మధ్య దూరం, కొలిచారు. 300 మిల్లీమీటర్లు రావలసింది 294 వచ్చింది. ఎడమ కుడి చక్రాల మధ్య దూరం మాత్రం సరిగ్గా 150. ఎక్కడ పోయిందో అప్పుడు తెలిసింది. డ్రాయింగ్‌ని ప్రింటు తీయించిన చోట కాగితం పొడవువైపు నూటికి రెండు వంతులు కుదించుకుపోయింది. ఇంజిన్‌ని డ్రాయింగ్ మీద రాసిన అంకెలు చూసి చేశారు. ఫ్రేము, బానెట్ మాత్రం ఆ కాగితాన్ని రేకు మీద అతికించి కోశారు.

ఆ రోజు భార్యతో ఈ మాట చెబితే ఆవిడ, "ఆరేళ్లలో ఒక్కసారైనా కొలిచి చూసుకోలేదా?" అన్నారు. "నీకేం తెలుసు" అని ఈయన అన్నారు. అప్పటినుంచి ఇద్దరి మధ్యా అన్నం వడ్డించుకునే మాటలే. దీనికి తోడు తొమ్మిదో నెల రాగానే అమ్మాయి పురిటికి వస్తోంది. ఆ వెనకగది ఖాళీ చెయ్యాలని ఆవిడ ఎప్పటినుంచో చెబుతున్నారు. పుణెలో ఉన్న అబ్బాయి, "నాన్నా, ఫ్రేమూ బాడీ నేను 3డి ప్రింట్ చేసి పంపిస్తాను, రెండు రోజుల పని" అంటున్నాడు. ఆ మాట ఈయనకు ఇంకా బాధగా ఉంది. చివరి పేజీలో ఇలా రాశారు: "రాత్రుళ్లు నిద్ర పట్టడం లేదు. అలాగే సర్దేసి పూర్తిచెయ్యనా, మళ్లీ మొదలుపెట్టనా, అంతా మూటగట్టి అటక మీద పడెయ్యనా? ఈ వయసులో ఇంకో ఆరేళ్లు నాకున్నాయో లేదో."

అన్నగారూ,

ముందుగా ఒక లెక్క చూద్దాం. మీరు రాసిన నెలలన్నీ కూడాను. చక్రాలు, ఇంజిన్, ముందు యాక్సిల్ కలిపి నాలుగేళ్లకు పైనే. ఇవి మూడూ బాగున్నాయి. ఇంజిన్ కొలతలు మీ ఉత్తరంలో ఉన్నవి ఉన్నట్టు సరిచూశాను. అసలు బండిలో సిలిండరు వ్యాసం 60, స్ట్రోకు, అంటే పిస్టన్ కదిలే దూరం, 88 మిల్లీమీటర్లు. ఎనిమిదో వంతు చేస్తే 7.5, 11. మీరు రాసినవీ అవే. నాలుగేసి సిలిండర్ల దిమ్మలు రెండు, పైన ఒక్క క్యామ్‌షాఫ్టు పెట్టె, అన్నీ సరిగ్గా ఉన్నాయి. చెడింది ఫ్రేము, బానెట్, దానితోపాటు చేసిన చిన్న చితకా రేకు పని. అది మొత్తం పనిలో ఆరో వంతు ఉంటుందేమో. "ఆరేళ్ల పని పోయింది" అని ఉత్తరంలో మూడుచోట్ల రాశారు. పోలేదు. పోయింది కొన్ని నెలల పని. అది కూడా తక్కువేం కాదు, నాకు తెలుసు. కానీ ఆరేళ్లు పోయాయనుకుని తీసుకునే నిర్ణయం వేరు, కొన్ని నెలలు పోయాయనుకుని తీసుకునే నిర్ణయం వేరు.

ఈ కారు కథ మీకు తెలిసే ఉంటుంది, అయినా చెప్పకుండా ఉండలేను. టైప్ 35 మొదటిసారి పందెంలో దిగింది 1924 ఆగస్టు 3న, ఫ్రాన్సులో లియాన్ గ్రాండ్ ప్రీ. మోల్షైమ్‌లోని బుగాటి కర్మాగారం నుంచి ఐదు కార్లు పందెంలో దింపారు. టైర్ల మీది రబ్బరు పొర ఊడిపోయి పందెమంతా పాడైంది. రబ్బరు సరిగా ఉడకలేదు. ఆల్ఫా రోమియో పీ2తో కంపారి గెలిచాడు, బుగాటీలు ఏడో స్థానం దాటి ముందుకు రాలేదు. కారు తయారుచేసిన ఎటోరె బుగాటి బండిని పక్కన పడెయ్యలేదు. తప్పు టైర్లదని తేల్చుకుని, టైర్లు మార్చుకున్నాడు. ఆ బండే 1925 నుంచి 1929 దాకా వరసగా ఐదేళ్లు సిసిలీలో టార్గా ఫ్లోరియో పందెం గెలిచింది. మీ దగ్గర కూడా తప్పు ఏ భాగానిదో తేలిపోయింది. అందుకే మీరు సగం దారి దాటేశారని నాకనిపిస్తోంది.

ఇక మీ ముందున్న దారుల గురించి.

ఉన్నదాన్ని సర్దేసి 294 దగ్గరే పూర్తిచెయ్యడం మొదటిది. కుదరనిదేం కాదు. మూడడుగుల దూరం నుంచి చూసేవాళ్లకు ఈ తేడా కనిపించదు. అయితే ఈ బండిలో ఒక తిరకాసు ఉంది. అసలు బండి వీల్‌బేస్ 2400, చక్రాల మధ్య దూరం 1200. సరిగ్గా రెట్టింపు. పైనుంచి చూస్తే రెండు చతురస్రాలు పక్కపక్కన పెట్టినట్టు ఉంటుంది. ఆ బండి అందంలో చాలా భాగం ఆ నిష్పత్తిదే. దాన్ని బాగా ఎరిగినవాడు పైనుంచి చూస్తే ఏదో పొట్టిగా ఉందనుకుంటాడు, ఎక్కడో చెప్పలేకపోవచ్చు. అది ఒక నష్టం. నా దృష్టిలో అంతకన్నా పెద్ద నష్టం ఇంకొకటి ఉంది. ఈ దారి పడితే ఇక మీదట మీకు అంకెలు పనికిరావు. పొగగొట్టం పొడవెంత? స్టీరింగు కడ్డీ ఎక్కడ దిగాలి? తోక ఎక్కడ మొదలవ్వాలి? ఏ ముక్క చేసినా కొలత చూసి కాదు, పెట్టి చూసి, గీకి, మళ్లీ పెట్టి చూసి చెయ్యాలి. మీరు జీవితమంతా అంకె నమ్ముకుని పనిచేసిన మనిషి. మిగిలిన పనంతా సర్దుబాటుతో చేస్తే ఆ పనిలో మీకు సంతోషం ఉంటుందా? ఉంటుందనుకుంటే ఈ దారి తప్పు కాదు. తొందరగా పూర్తవుతుంది, మీ వయసు గురించి మీరు రాసిన భయానికీ కాస్త ఊరట. ఎవరికైనా చూపించేటప్పుడు పొడవులో నూటికి రెండు వంతులు తక్కువని పక్కన చిన్న కాగితం మీద రాసి పెట్టండి. తెలిసినవాళ్లెవరూ దాన్ని తప్పు పట్టరు.

ఫ్రేముని మధ్యలో కోసి ఆరు మిల్లీమీటర్ల ముక్క అతకడం రెండోది, ఉత్తరంలో దాని గురించి కూడా అడిగారు. ఇది చూడ్డానికి తేలిక, చెయ్యబోతే కష్టం. టైప్ 35 ఫ్రేము పక్క బద్దలు సమమైన ఎత్తుతో ఉండవు. ముందు సన్నగా మొదలై, మధ్యకి వచ్చేసరికి లోతుగా అయి, వెనక తోకతో పాటు మళ్లీ సన్నబడతాయి. బాడీ గీత, ఫ్రేము గీత ఒకటే. ఎక్కడ కోసినా రెండు అంచులూ కొద్దిగా వాలుమీద ఉంటాయి కాబట్టి అతికిన చోట చిన్న మెట్టు వస్తుంది. దాన్ని గీకి నునుపు చెయ్యగలరు, మీ చెయ్యి అలాంటిది. కానీ అసలు ఇబ్బంది మెట్టు కాదు. ఆరు మిల్లీమీటర్లు ఒకేచోట పోలేదు, పొడవంతా పంచుకుని పోయింది. ఒక్కచోట ఆరు కలిపితే యాక్సిళ్ల మధ్య 300 వస్తుంది, నిజమే. ఇంజిన్ కాళ్ల కన్నాల మధ్య దూరం మాత్రం పాతదే. ముందు స్ప్రింగుల కొక్కేలు, వెనకనుంచి ముందుకు తిరిగి ఉండే కమాను పట్టీల (పట్టీ స్ప్రింగుల) బిగింపులు, అడ్డ గొట్టాలు, అన్నీ అటు కాస్త ఇటు కాస్త తప్పుగానే ఉంటాయి. ఈ బండిలో ఇంజిన్ ఊరికే కూర్చోదు. దాని క్రాంక్‌కేసు (ఇంజిన్ కింది పెట్టె) కాళ్లు నేరుగా ఫ్రేముకి బిగుసుకుని ఫ్రేముకే బలమిస్తాయి. అందుకే మీకు మొదట తగిలింది అక్కడే. కోసి అతికితే ఆ కన్నాలన్నీ పూడ్చి మళ్లీ వెయ్యాలి. అంత పని చేశాక కొత్త ఫ్రేము చేసినదానికంటే ఎంత మిగులుతుందో మీరే లెక్కవేసుకోండి. ఈ దారిలో నాకు నచ్చే విషయం ఒకటుంది. ఇదివరకే వెండి అతుకుతో బిగించిన అడ్డ గొట్టాలు విప్పే పని తప్పుతుంది. అది మీకు ముఖ్యమైతే ఆలోచించండి.

మళ్లీ ఫ్రేము చెయ్యడం మూడోది. మొదటిసారి నాలుగు నెలలు పట్టిందన్నారు. అందులో ఎన్నాళ్లు చెయ్యడానికి, ఎన్నాళ్లు ఎలా చెయ్యాలో ఆలోచించడానికి పట్టింది? నా అనుభవంలో ఒకే ముక్క రెండోసారి చేసేటప్పుడు సగం కన్నా తక్కువ సమయం పడుతుంది. ఒకసారి నేను ఒక వెనక యాక్సిల్‌కి కన్నాలన్నీ మధ్యగీత నుంచి కాక చివరి అంచు నుంచి కొలిచి వేశాను. అంచు ఒక పక్క అరిగి ఉంది. ఐదు వారాల పని. రెండోది పదకొండు రోజుల్లో అయింది, మొదటిదానికంటే బాగా వచ్చింది కూడా. మొదటిదాన్ని పారెయ్యకుండా స్ప్రింగులు బిగించి చూసుకోవడానికి పట్టుగా వాడుకున్నాను. మీ పాత ఫ్రేము కూడా అలాగే పనికొస్తుంది. కొత్త బద్దలు వంచేటప్పుడు చేతికి అలవాటు తెప్పించుకోవడానికి, అతుకు వేడి ఎక్కడ ఎంత పట్టాలో చూసుకోవడానికి.

ఈ దారి పడితే ఒకటి మాత్రం మార్చండి. కాగితాన్ని రేకు మీద అతికించి కొయ్యకండి. కాగితం చూసుకోవడానికే. కొలతలు అంకెల్లో రాసుకుని, ముందు యాక్సిల్ మధ్యగీతని సున్నా అనుకుని, ప్రతి కన్నమూ అక్కడినుంచే కొలిచి రేకు మీద గీతసూదితో గీయండి. పక్క కన్నం నుంచి పక్క కన్నానికి కొలుచుకుంటూ పోతే చిన్న తప్పులు పేరుకుపోతాయని మీకు నేను చెప్పక్కర్లేదు. ప్రింటు తప్పక వాడాల్సివస్తే ముందు దాని మీద నిలువుగా ఒకటి, అడ్డంగా ఒకటి, వంద మిల్లీమీటర్ల గీతలు ఉన్నాయో లేదో చూసి రెండూ కొలవండి. మీ విషయంలో అడ్డం గీత సరిపోయింది, పొడవు గీత ఎవరూ చూడలేదు.

ఎందుకు చూడలేదో కూడా నాకు అర్థమైందనుకుంటాను. టూల్‌రూమ్‌లో డ్రాయింగ్ మీ చేతికొచ్చేసరికి దాన్ని గీసినవాళ్లు, సరిచూసినవాళ్లు, సంతకం పెట్టినవాళ్లు వేరే ఉండేవారు. కాగితం సరైనదే అనే నమ్మకం మీద 34 ఏళ్లు పనిచేశారు, ఆ నమ్మకం అక్కడ సరైనదే. ఇంట్లో ఆ సరిచూసే కుర్చీ ఖాళీగా ఉంది. ఇది మీ చేతి పనితనంలో లోపం కాదు.

ఇప్పుడు మీ ఇంటావిడ మాట దగ్గరికి వస్తాను, ఎందుకంటే మీ నిద్ర చెడగొడుతున్నది ఆరు మిల్లీమీటర్లు ఒక్కటే కాదని నా అనుమానం. "ఒక్కసారైనా కొలిచి చూసుకోలేదా?" మీకది దెప్పినట్టు వినిపించింది. దాన్నే మీ పాత ఫోర్‌మన్ అడిగి ఉంటే? మొదటి ప్రశ్న అదే అడిగేవాడు, మీరు జవాబు చెప్పేవారు. ఆవిడ సరైన ప్రశ్న వేశారు, వేసిన సమయం మీకు నొప్పి కలిగించింది. ఆరేళ్లు ఆ గది తలుపు అవతల నుంచి ఈ పనిని చూసిన మనిషి ఆవిడ. మీకు పోయినట్టనిపించింది ఆవిడకూ కొంత పోయినట్టే అనిపించి ఉండొచ్చు. వెళ్లి "నువ్వడిగింది నిజమే, కొలవలేదు" అని ఒక్క మాట అంటే ఏమవుతుందో నేను చెప్పలేను, మీ ఇంటి సంగతి మీకు తెలుసు. అనకుండా ఉంటే ఏమవుతుందో మాత్రం మూడు వారాలుగా చూస్తున్నారు. ఇంకోటి. కొత్త కొలతల పట్టిక తయారుచేసేటప్పుడు ఒకరు చదివితే ఒకరు సరిచూడాలి. ఒక్కడే రెండు పనులూ చేస్తే కన్ను తనకు కావలసిన అంకే చూస్తుంది. ఆవిడకి ఇష్టమైతే అడగండి. ఇష్టం లేదంటే బలవంతం వద్దు, అబ్బాయి ఫోన్‌లో చదువుతాడు.

గది విషయంలో మాత్రం నేను ఆవిడ పక్షం, పూర్తిగా. ఇది సర్దుబాటు చేసుకునే సంగతి కాదు. మీరు ఇత్తడి, జర్మన్ సిల్వర్ రేకు పని చేస్తున్నారు, వెలిగారం వేసి వెండి అతుకు వేస్తున్నారు, కొన్నిచోట్ల మామూలు సోల్డరు కూడా వాడానన్నారు. మామూలు సోల్డరులో సీసం ఉంటుంది. పాతరకం వెండి అతుకు కడ్డీల్లో కాడ్మియం ఉంటుంది. సీసపు ధూళి గర్భిణికీ, పసిబిడ్డకీ ప్రమాదం. సామాను తీసేసినంత మాత్రాన గది శుభ్రపడదు. పొడి చీపురుతో ఊడిస్తే ధూళి లేచి మళ్లీ అక్కడే పడుతుంది. అమ్మాయి రావడానికి కనీసం కొన్ని వారాల ముందే ఖాళీ చేసి, గోడలూ నేలా అల్మారా పైభాగాలూ తడిగుడ్డతో రెండు మూడుసార్లు తుడిచి, ఆ గుడ్డలు పారెయ్యండి. పని బట్టలు ఇంటి బట్టలతో కలిపి ఉతకవద్దు. రంగు పిచికారీ, థిన్నరు, సోల్డరింగు ఇక ఆ ఇంట్లో కొన్ని నెలలు ఉండకూడదు. అమ్మాయి అత్తగారింటికి వెళ్లాక ఆ గది మళ్లీ మీకు ఇస్తారా లేదా అన్నది ఇప్పుడే మాట్లాడుకోండి, మనసులో పెట్టుకోవద్దు. మిద్దె మీద రేకుల షెడ్డు వెయ్యడం ఒక దారి, కానీ హైదరాబాద్ ఎండల్లో మే నెలలో అక్కడ కూర్చోలేరు. బాలానగర్ వైపు చిన్న లేత్ షాపుల్లో తెలిసినవాళ్లుంటే ఒక మూల బల్ల అడగడం ఇంకో దారి. అక్కడైతే పదిమందితో మాట్లాడొచ్చు, అయితే మీ సన్నపని అక్కడి దుమ్ములో పెట్టలేరు.

ఈ ఖాళీ నెలలు మీకు కలిసొచ్చేవని నాకనిపిస్తుంది. కొత్త ఫ్రేముకి ముందు కావలసింది కొలిమి కాదు, కొలతల పట్టిక. దానికి పొగా లేదు, ధూళీ లేదు. హాల్లో బల్ల మీద కూర్చుని చేసుకోవచ్చు.

మీ అబ్బాయి మాట మీకు బాధ కలిగించింది, నాకు అర్థమైంది. రెండు రోజుల పని అనడం వల్ల మీ నెలల కష్టం తక్కువైనట్టు తోచింది. అతను చెప్పినదాన్ని రెండు ముక్కలుగా చూడండి. ఫ్రేమూ బాడీ ప్లాస్టిక్‌లో ప్రింటు చేసి రంగు వేస్తే పని అవుతుంది, కానీ మీ లోహపు చక్రాల పక్కన, మెరిసే బోలు యాక్సిల్ పక్కన ఆ ఫ్రేము అతకదు. యాక్సిల్ మధ్యలోంచి కమాను పట్టీలు దూరి వెళ్లే ఆ ఒక్క ముక్క కోసం ఏడు నెలలు కూర్చున్న మనిషి దానికి ప్లాస్టిక్ తోడు పెట్టలేడు. అది మీ ఇష్టం, చేసేవాళ్లు చేస్తున్నారు, తప్పు కాదు. కానీ అబ్బాయికి చేతనైనది ఇంకోటి ఉంది. మీ పట్టికలోని అంకెలతో కంప్యూటరులో ఫ్రేము గీసి, పలచటి ప్లాస్టిక్‌లో అచ్చుగా తీసి పంపితే, లోహం కొయ్యకముందే మీ అసలు ఇంజిన్‌ని అందులో కూర్చోబెట్టి చూడొచ్చు. బోల్టులు కన్నాల్లో పడ్డాయో లేదో అప్పుడే తెలుస్తుంది. తప్పుంటే పోయేది ప్లాస్టిక్. బానెట్‌కి కూడా అంతే. నేనైతే బాడీ గీత చూసుకోవడానికి కొండపల్లి బొమ్మల పొనికి చెక్క వాడతాను, కత్తికి వెన్నలా తెగుతుంది. సుత్తి దెబ్బకి మాత్రం అది ఆగదు, రేకు వంచే అచ్చుకి టేకో నల్లతుమ్మో కావాలి.

బానెట్ రేకుకి పగుళ్లు వస్తున్నాయని రాశారు. సరిగా కాల్చి మెత్తబరచడం లేదు. అల్యూమినియం ఎర్రబడి చెప్పదు, దానికంటే ముందే కరిగి కూర్చుంటుంది. సబ్బు రుద్ది మంట చూపండి, సబ్బు నల్లబడగానే తీసెయ్యండి. గట్టిపడినట్టు అనిపించినప్పుడల్లా మళ్లీ చెయ్యాలి. జనగామ దగ్గర పెంబర్తిలో ఇత్తడి రేకు కొట్టేవాళ్లు ఎన్నిసార్లు ఆపి కాలుస్తారో ఒక పూట వెళ్లి కూర్చుని చూసి రండి. మీకున్న అనుభవానికి ఆ ఒక్క పూట చాలు.

రంగు గురించి ఒక వాక్యంలో అడిగారు, ఒక వాక్యంలో చెబుతాను: ఫ్రాన్సు పందెపు నీలం అందరికీ ఇష్టమే, కానీ 1929లో మొనాకో మొదటి గ్రాండ్ ప్రీ గెలిచిన విలియం గ్రోవర్-విలియమ్స్ నడిపిన 35బీ (ఇదే కారుకి తరవాతి రకం) ఆకుపచ్చది, అది 1924 బండి కాదు కాబట్టి మీ మోడల్‌కి నీలమే సరి.

ఇక అటక. అది కూడా నిజంగా ఒక దారే, నేను కొట్టిపారెయ్యను. ఈ పని మీకు సంతోషం ఇవ్వడం మానేసి ఉంటే ఆపడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. కానీ మూటగట్టి పెట్టిన లోహం ఊరుకోదు. ఉక్కు ముక్కలు తుప్పు పడతాయి, ఇత్తడి మసకబారుతుంది, రెండేళ్ల తరవాత తీస్తే ఏ మర ఎక్కడిదో మీకే గుర్తుండదు. ఆపాలనుకుంటే ఒక చెక్క పలక మీద ఇంజిన్, ముందు యాక్సిల్, రెండు చక్రాలు బిగించి అద్దపు పెట్టెలో పెట్టండి. అది అసంపూర్ణంగా కనిపించదు. ఈ బండిలో చూడదగిన పనంతా ఎక్కువగా అక్కడే ఉంది. తరవాత మనసు మారితే అక్కడినుంచి విప్పుకోవచ్చు.

ఏ దారీ ఈ వారమే ఎంచుకోవలసిన పని లేదు. ఇంజిన్‌ని మాత్రం ఇప్పుడే అట్టపెట్టెలో పెట్టకండి, ధూళి లేని చోట, కంటికి కనబడేట్టు ఉంచండి. ఫ్రేము కన్నాలు ఆకురాయితో సాగదీశానన్నారు కదా, ఇంజిన్ కాళ్ల కన్నాలు కూడా ముట్టుకున్నారా? ఆ సంగతి ఉత్తరంలో లేదు. ముట్టుకోకపోతే వాటి మధ్య దూరం కొలిచి, అసలు బండి కొలతలో ఎనిమిదో వంతుతో సరిపోతోందో లేదో చూసి నాకు రాయండి. ముట్టుకుని ఉంటే ముందు ఆ కన్నాలకి సన్నటి ఇత్తడి బుష్షులు (చిన్న గొట్టాలు) దిగ్గొట్టి మళ్లీ వెయ్యాల్సివస్తుంది. కొత్త ఫ్రేము కొలతలు దాని తరవాతే.